పిండి ఎరుగని గిన్నె

పండగ రేపనగా పొద్దున్నే తొరీబియా సణుగుడు మొదలైంది.

“టబ్బులో రొట్టె పిండి కలపడమేమిటే? ఇది బట్టలు నానబెట్టుకునే సామాను. మా అమ్మమ్మ గనక చూసుంటే ఈ చేతుల మీద ఒక్కటి వేసేది.”

“కొత్త టబ్బమ్మా. దీంట్లో ఎవరూ బట్టలు నానబెట్టలేదు,” అంది పెద్ద కూతురు దెల్ఫీనా, పిండి సంచీ కుట్టు విప్పుతూ.

“కొత్తదైతే మాత్రం? ముక్కు పెట్టి చూడు. పెట్రోలు బంకు వాసన కొడుతోంది.”

“రొట్టె కాలాక ఏ వాసనా ఉండదులే.”

“నీకు ఉండదు. నాకుంటుంది. కళ్ళు పోయినదానికి ముక్కొక్కటే గతి.”

తొరీబియాకి డెబ్భై నాలుగేళ్ళు. చక్కెర జబ్బు కళ్ళని తినేసింది. వెలుగు ఎటునుంచి వస్తోందో, మనిషి ఎటు నిలబడ్డాడో తెలుస్తుంది, మొహాలు తెలియవు. యాభై ఏళ్ళు కుండలు చేసిన చేతులు మాత్రం ఇంకా చురుగ్గానే ఉన్నాయి. ఇప్పుడు ఆ కుండల పని దెల్ఫీనా చేస్తోంది. కొండ దిగువన మట్టి తవ్వి తేవడం, మలచడం, కత్తిలాంటి యక్కా మొక్క ఆకు నమిలి చేసిన కుంచెతో బొమ్మలు వేయడం, పిడకల మంటలో కాల్చడం, అన్నీ ఆమే. బాగా చేస్తుందని పేరు. ఈ రెండేళ్ళలో ఆ పేరు ఇంకా పెరిగింది.

ఆల్బుకర్కీ పట్నం అవతల ఎడారి కొండల్లో, తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఉన్న ఆదివాసుల ఊరు మాది. మా ఊళ్ళో పండగ నాడు తలుపులు మూయరు. వీధిలో నాట్యం చూడ్డానికి వచ్చినవాడు ఏ గడప ఎక్కినా కూర్చోబెట్టి మిరప కూర, గొర్రె మాంసం, రొట్టె పెట్టాలి. చుట్టమా పరాయివాడా అని అడగడం మర్యాద కాదు. అందుకని ముందు రోజే ప్రతి వాకిట్లో గుండ్రటి మట్టి పొయ్యి రాజుకుంటుంది, ఇంటింటికీ నలభై యాభై రొట్టెలు కాలతాయి. ఆ రోజు పిండి కలిపే ఆడవాళ్ళ చేతులు సాయంత్రానికి పట్టు తప్పిపోతాయి, నోళ్ళు మాత్రం తప్పవు.

ఆ ఇంటి రొట్టెలు నాలుగు తరాలుగా ఒకే గిన్నెలో కలిసేవి. తొరీబియా అమ్మమ్మ మట్టి తవ్వి, మలిచి, రంగు వేసి కాల్చిన పెద్ద పిండి గిన్నె. నిండుగా ఉంటే ఎత్తడానికి ఇద్దరు కావాలి. బయట తెల్లటి పూత మీద చిలకలు, వెనక్కి తిరిగి చూస్తున్న చిలకలు, వాటి మధ్య ఎర్రటి ఆకులు. అంచు కింద చుట్టూ నల్ల గీత ఉంటుంది. ఒక్కచోట ఆ గీత రెండు కొసలూ కలవవు, వేలు పట్టేంత సందు వదిలి ఉంటుంది. ఎందుకు వదులుతారో మా ఆడవాళ్ళకి తెలుసు, అడిగినవాళ్ళకి చెప్పరు. గిన్నె లోపలి పూత ఎప్పుడో పోయింది. పిసికి పిసికి అడుగు నున్నబడి గోధుమ రంగుకి తిరిగింది. ఎడమ బొటనవేలు ఆన్చే చోట అంచు అరిగి చిన్న పల్లం పడింది. ఆ పల్లంలో వేలు పెట్టగానే అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుందని తొరీబియా ప్రతి పండక్కీ అనేది.

ఆ గిన్నె రెండేళ్ళ కిందట మాయమైంది.

మాయమైన ఏడు వేసవిలో చిన్న కూతురు వెర్నా ఒకావిడని ఇంటికి తీసుకొచ్చింది. వెర్నాది ఆల్బుకర్కీలో కాపురం, ఆసుపత్రి వంటశాలలో పని. పాత కుండల మీద పుస్తకం రాస్తున్నానని చెప్పిన ఆ ఆవిడ గిన్నె చుట్టూ నాలుగు సార్లు తిరిగి, ఫోటోలు తీసుకుని, ఇలాంటిది అద్దాల బీరువాలో ఉండాలి గానీ పిండిలో ఉండకూడదని చెప్పి వెళ్ళింది. ఆ శీతాకాలం తొరీబియా కంటి ఆపరేషన్‌కని వెళ్ళి పది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికొచ్చి తడుముకుంటూ మూలకి వెళ్తే మూల ఖాళీ.

“గిన్నేదే?”

“ఆదివారం చెల్లి వచ్చి వెళ్ళిందమ్మా,” అంది దెల్ఫీనా.

వెర్నా ఆదివారం వచ్చిన మాట నిజం. ఆసుపత్రిలో ఉన్న తల్లి కోసం తెచ్చిన దుప్పటి అక్కకిచ్చి, అక్క చేతి కాఫీ తాగి వెళ్ళింది. కానీ తొరీబియాకి ఇక రెండో మాట అక్కర్లేకపోయింది. ఫోనులో చిన్న కూతురు ఒట్లు పెట్టుకుంటూ ఏడుస్తుంటే, “నా గడప తొక్కకు” అని పెట్టేసింది. అప్పట్నుంచీ తొక్కనివ్వలేదు. కిందటి పండక్కి వెర్నా రోజంతా వీధి చివర తన బండిలో కూర్చుని, ఎవరో పరాయి ఇంట్లో రొట్టె తిని వెళ్ళిపోయింది. సొంత ఊళ్ళో, పండగ నాడు.

ఇంకో సంగతి ఉంది. మా ఊళ్ళో ఇల్లు చిన్న కూతురికి వస్తుంది. పెద్దదానికి రాదు, కొడుక్కి అసలే రాదు. అది ఎవరూ కాదనని పద్ధతి. ఆ పద్ధతిని తొరీబియా రేపు తిప్పేయబోతోంది. పండగ భోజనానికి వచ్చే తన తమ్ముళ్ళ ముందు ఇల్లు దెల్ఫీనాదని చెప్పేస్తానని వారం నుంచీ అంటోంది. మేనమామల ముందు ఒకసారి మాట పడితే ఇక తిరుగు ఉండదు, వెర్నాకి పుట్టిల్లు లేనట్టే. దెల్ఫీనా వద్దనలేదు. ఇరవై ఏళ్ళుగా తల్లి మంచం పక్కన పడుకున్నది ఆమే. నీళ్ళు మోసినది, కట్టెలు కొట్టినది, కాళ్ళ పుళ్ళకి మందు రాసినది ఆమే. చివరికి తనకేం మిగులుతుందని ఆమెకి ఒక బాధ ఉండేది. న్యాయమైన బాధే, నేను కాదనను.

“లోపల ఎవరైనా బతికున్నారా?” అంటూ పెట్రా పిన్ని కొవ్వు డబ్బా చంకన పెట్టుకుని వచ్చింది. తొరీబియాకి పినతల్లి కూతురు, పక్కిల్లే. ఏటా ఇద్దరి పిండీ కలిపే కలుపుతారు.

“బతికే ఉన్నాం. నువ్వొచ్చావుగా, ఇక ఎంతసేపు ఉంటామో చూడాలి,” అంది తొరీబియా.

“నీకేం అక్కా, నన్ను కూడా పూడ్చిపెట్టి గాని పోవు. అది సరే, ఒక మాట చెప్తాను, చెంబు విసరనంటే.”

“చెప్పు.”

“నీళ్ళ ట్యాంకు దగ్గర వెర్నా బండి ఆగి ఉంది. లోపల కూర్చుని ఏడుస్తోందో జడ వేసుకుంటోందో, నా కంటికి ఆనలేదు.”

తొరీబియా చేతులు టబ్బులో ఆగాయి. “ఆ బండి ఇటు తిరిగిందంటే నేను లోపలికి పోతాను.”

“ఇప్పుడు లోపలే ఉన్నావు కదక్కా.”

“ఇంకా లోపలికి పోతాను.”

దెల్ఫీనా నవ్వలేదు. కిటికీలోంచి వీధి వైపు చూసి, వాకిట్లో పొయ్యిలో ఇంకో రెండు దేవదారు కట్టెలు వేయడానికి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేలోపే బండి వచ్చి ఆగింది. వెర్నా దిగింది. దుప్పట్లో చుట్టిన పెద్ద మూటని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, పసిబిడ్డని మోసుకొచ్చే జాగ్రత్తతో గడప దాకా వచ్చి ఆగింది.

“అమ్మా.”

“ఎవరది?”

“నీకు తెలుసు ఎవరో.”

“తెలిస్తే మాత్రం? గడప అవతల నిలబడి చెప్పు, ఏం చెప్పాలో.”

“అవతలే ఉన్నాను.” వెర్నా మూట గడప దగ్గర దించి దుప్పటి విప్పింది. “నీ గిన్నె తెచ్చానమ్మా. నేనే తీశాను. శాంతా ఫేలో ఒక షాపుకి అమ్మేశాను. తప్పయిపోయింది. మళ్ళీ కొనుక్కొచ్చాను. ఇదిగో.”

పెట్రా పిన్ని నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఆవిడ నోరు మాట లేకుండా తెరుచుకుని ఉండడం మేమెవరం చూడలేదు. దెల్ఫీనా గుమ్మం పక్కన, చేతిలో కట్టె పట్టుకుని, కదలకుండా నిలబడిపోయింది.

ఆ మాట అబద్ధమని అక్కడ తెలిసినవాళ్ళు ఇద్దరే. చెప్పిన వెర్నా, విన్న దెల్ఫీనా.

మాయమైన గిన్నెని ఎవరూ తీయలేదు, ఎవరికీ అమ్మలేదు. తల్లి ఆసుపత్రిలో ఉండగా, సోమవారం పొద్దున దెల్ఫీనా దాన్ని శుభ్రం చేద్దామనుకుంది. బయట మంచు పడుతోంది. గిన్నె రాత్రంతా చలికి మూలన ఉంది. అడుగున ఎండిపోయిన పిండి నానాలని పొయ్యి మీది కెటిల్ తీసి, మరుగుతున్న నీళ్ళు గుమ్మరించింది. టప్పుమని ఒక్క చప్పుడు. మూడు ముక్కలు. చల్లటి కుండలో మరిగే నీళ్ళు పోయకూడదని మా ఊళ్ళో ఆరేళ్ళ పిల్లకి తెలుసు. నలుగురికీ కుండలు చేయడం నేర్పే దెల్ఫీనాకి ఆ క్షణం తోచలేదు. తడి నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత, ఎవరికీ చెప్పుకోలేని సిగ్గుతో, మా వాళ్ళు పగిలిన ప్రతి కుండకీ చేసే పనే దానికీ చేసింది. మా ఊళ్ళో పెంకులు పారేయరు. సన్నికల్లు మీద మెత్తగా నూరి కొత్త మట్టిలో కలుపుతారు. ఆ పొడి లేకపోతే కుండ మంటకి ఆగదు. మూడు రోజులు తలుపు వేసుకుని ఆ గిన్నెని నూరింది. చిలకలు, ఆకులు, గీత, గీతలో సందు, అన్నీ కలిపి నూరింది. నాలుగో రోజు తల్లి వచ్చి గిన్నేదని అడిగితే, ఆదివారం చెల్లి వచ్చిందని చెప్పింది.

ఇప్పుడు చెల్లెలు చేయని దొంగతనం ఒప్పుకుంటూ గడప అవతల నిలబడి ఉంది. సిగ్గు లేకుండా చెప్పాలంటే, ఒక్క నిమిషం దెల్ఫీనాకి ప్రాణం కుదుటపడింది. అమ్మ ఆ గిన్నె తీసుకుంటే చాలు. చెల్లి లోపలికి వస్తుంది, గిన్నె మూలన కూర్చుంటుంది. తను నోరు విప్పాల్సిన పనే ఉండదు.

“ఇలా తే,” అంది తొరీబియా.

వెర్నా గడప దాటి రాలేదు. మోకాళ్ళ మీద వంగి గిన్నెని లోపలికి జరిపింది. పెట్రా పిన్ని దాన్ని ఎత్తి అక్క ఒళ్ళో పెట్టింది. తొరీబియా చేతులు తుడుచుకుని అంచు పట్టుకుంది. వేళ్ళతో చుట్టూ నడిచింది. వేలి కణుపుతో ఒకసారి కొట్టి చెవి ఒగ్గింది.

“పెట్రా, చిలకలున్నాయా?”

“ఉన్నాయక్కా. మూడు కనిపిస్తున్నాయి.”

“ఎటు చూస్తున్నాయి?”

“వెనక్కి.”

“గీత?”

“కలవలేదు. సందుంది.”

తొరీబియా గిన్నెని ఇంకా దగ్గరగా ఒళ్ళోకి లాక్కుంది. “మా అమ్మమ్మదే. ఈ అంచు తిప్పడం ఇంకెవరికీ రాదు.”

వెర్నా కళ్ళు మూసుకుంది. దెల్ఫీనా చేతిలో కట్టె నెమ్మదిగా కింద పెట్టింది.

అప్పుడు తొరీబియా ఎడమ బొటనవేలు పల్లం కోసం వెతకడం మొదలుపెట్టింది. అంచు మీద ఒక చుట్టు తిరిగింది. దొరకలేదు. రెండో చుట్టు ఇంకా నెమ్మదిగా తిరిగింది. అరచెయ్యి గిన్నె లోపలికి దింపి అడుగున రుద్దింది. ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

“దీనికి పిండి తెలియదు,” అంది.

మళ్ళీ ఒకసారి అడుగున వేళ్ళు నడిపింది.

“ఒక్క రోజు కూడా దీంట్లో పిండి పడలేదు. రాయితో రుద్దిన గీతలు ఇంకా చేతికి తగులుతున్నాయి. కుర్చీలకి పూసే నూనె వాసనొస్తోంది. పెట్రా, అడుగున చూడు, ఏమైనా రాసుందా?”

పెట్రా పిన్ని వంగి చూసి, “నల్ల సిరాతో షాపు అంకెలున్నాయక్కా,” అంది చిన్న గొంతుతో.

“మా అమ్మమ్మ రెండు రకాలు చేసేది. రైలాగే చోట పట్నం వాళ్ళకి అమ్మడానికి కొన్ని, ఇంట్లోకి కొన్ని. ఇది అమ్మడానికి చేసింది. నాది ఇంట్లోకి చేసింది.” తొరీబియా గొంతు పెరగలేదు, అదే భయంగా ఉంది. “మొదట దొంగతనం, ఇప్పుడు మోసం. గుడ్డి ముసలిది, ఏది ఇచ్చినా తడుముకుని సంతోషిస్తుందనుకున్నావు.”

“అమ్మా—”

“నా గిన్నె ఎక్కడ?”

“నాకు తెలియదు.” వెర్నా గుమ్మం చెక్క పట్టుకుని కింద కూర్చుండిపోయింది. “ఆ రోజూ తెలియదు, ఇవాళా తెలియదు. నేను తీయలేదని వంద సార్లు చెప్పాను, నువ్వు నమ్మలేదు. దొంగనని ఒప్పుకుంటేనైనా లోపలికి రానిస్తావేమోననుకున్నాను. అందుకని ఏడాదంతా షాపులు తిరిగాను, నీ అమ్మమ్మ చిలకలు ఎక్కడైనా కనిపిస్తాయేమోనని. కనిపించింది. నాన్న ఇచ్చిన నీలిరాళ్ళ హారం ఇచ్చి తెచ్చాను.”

పెట్రా పిన్ని చూపు వెర్నా మెడ మీదికి పోయింది. పండగ నాడు ఆ హారం లేకుండా వెర్నాని ఎవరూ చూడలేదు. తండ్రి చనిపోయే ముందు తన చేత్తో ఆమె మెడలో వేసిన హారం అది.

“మీ నాన్న హారం కూడా పోగొట్టావన్నమాట,” అంది తొరీబియా. “సరే. రేపు మీ మామయ్యలు వస్తారు. ఇల్లు మీ అక్కదని వాళ్ళ ముందు చెప్తాను. చెప్పడానికి ఇన్నాళ్ళూ కాస్త మనసు పీకుతుండేది, ఇప్పుడు లేదు. అది నన్ను ఏనాడూ మోసం చేయలేదు.”

వెర్నా లేచింది. లంగాకి అంటిన మట్టి దులుపుకుంది. గిన్నె వైపు చూడలేదు.

“ఇల్లు అక్కకే ఇవ్వమ్మా. నీకు ఇన్నేళ్ళూ చేసినది అదే,” అంది. తర్వాత దెల్ఫీనా వైపు తిరిగింది. “అక్కా, నువ్వు నాకోసం ఎంత చెప్పి చూశావో నాకు తెలుసు. క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చినప్పుడు అన్నావుగా, అమ్మతో మాట్లాడతాను, ఓపిక పట్టమని. ఇంక చెప్పకు. నీ మీద కూడా కోపం తెచ్చుకుంటుంది.”

ఈ మాట అనకుండా వెళ్ళుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. దెల్ఫీనా నోరు విప్పేది కాదేమో. ఇరవై ఏళ్ళు సేవ చేశానన్న బలంతో ఇంకో ఇరవై ఏళ్ళు ఆ అబద్ధాన్ని మోసేదేమో. కానీ చెల్లెలు కృతజ్ఞత చెప్పింది. వెర్నా బండి తలుపు తీస్తుండగా దెల్ఫీనా, “ఆగు,” అంది. తలుపు చప్పుడులో ఆ మాట కలిసిపోతే రెండోసారి అనాల్సొచ్చింది. “వెర్నా, ఆగవే.”

లోపలి గదిలోకి వెళ్ళి, కుండలు చేసే బల్ల కింద నుంచి ఒక కాఫీ డబ్బా తీసుకొచ్చింది. తల్లి ముందు నేల మీద పెట్టి మూత తీసింది. తొరీబియా చెయ్యి పట్టుకుని దాంట్లో పెట్టింది.

“నీ గిన్నె ఇదమ్మా.”

తొరీబియా వేళ్ళ మధ్య పొడి నలిపింది. కొంచెం నాలిక మీద వేసుకుంది. మా కుండల వాళ్ళు మట్టిని అలాగే చూస్తారు. ఆవిడ మొహంలో ఒక్కొక్క గీతా బిగుసుకోవడం అందరూ చూశారు.

“ఎలా?” అంది.

“మరిగే నీళ్ళు పోశాను. మంచు రోజు.”

“నువ్వా?”

“నేనే.”

“చల్లటి గిన్నెలో. నా చేత్తో నీకు పని నేర్పాను.”

“అవునమ్మా. అందుకే చెప్పుకోలేకపోయాను. ముందు నీకు కాదు, నాకు నేనే చెప్పుకోలేకపోయాను. తర్వాత నువ్వు చెల్లి అనుకున్నావు. అనుకోనిచ్చాను.”

వెర్నా బండి దగ్గర నుంచి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. ఈసారి గడప దాటిందో లేదో ఆమే గమనించలేదు.

“క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చావు,” అంది. “నా చేతి ముద్ద తిన్నావు. నా తల నిమిరావు. నేను నీ ఒళ్ళో పడి ఏడిస్తే, అమ్మ మనసు మారుతుందన్నావు. ఒక్కసారైనా అమ్మకి చెప్పావా?”

“లేదు.”

“ఒక్కసారి?”

“లేదే.”

వెర్నా నవ్వింది. ఆ నవ్వు వినలేక పెట్రా పిన్ని శాలువా కొసతో చెవి కప్పుకుంది. “నేను బండిలో కూర్చుని పండగ చూసిన రోజు నువ్వు ఈ కిటికీలోంచి చూశావు. నువ్వు చూడ్డం నేను చూశాను. పాపం అక్క బాధపడుతోందనుకున్నాను.”

“దెల్ఫీనా,” అంది తల్లి. చెయ్యి ఇంకా డబ్బాలోనే ఉంది. “గిన్నె పెద్దది. పొడి ఇంతేనా ఉంది?”

“మట్టిలో కలిపాను.”

“కుండలు చేశావు.”

“చేశాను. ఒక్కటి కూడా మంటలో పగల్లేదమ్మా. అలాంటి మట్టి నేను ఎన్నడూ ఎరగను.”

“నీకు పేరొచ్చినవి అవేనా? నా చేతికిచ్చి, చూడమ్మా ఎంత పలచగా వచ్చిందో అని మురిసిపోయావు, అది కూడా?”

“అది కూడా.”

“నేను దాన్ని కొట్టి చూసి, గొంతు ఎక్కడో విన్నట్టుందన్నాను.”

“అన్నావు.”

“ఎన్ని చేశావు?”

“పద్నాలుగు.”

“ఎక్కడున్నాయి?”

ఆ ఇంట్లో అలమర మొత్తం ఖాళీ. చేసినవి చేసినట్టే సంతలో వెళ్ళిపోయాయి, ఏ దేశాల్లో ఏ బల్లల మీద ఉన్నాయో ఆమెకే తెలియదు.

“చిన్నది అమ్ముకుందని రెండేళ్ళు తిట్టాను,” అంది తొరీబియా. “అమ్మింది నువ్వు. ఒక్కసారి కూడా కాదు. పద్నాలుగు సార్లు.”

దెల్ఫీనా అక్కడికక్కడే కూలబడింది. పగలగొట్టినందుకు ఏడ్చింది గానీ, ఇన్నాళ్ళూ ఈ లెక్క ఆమెకి తట్టలేదు. దాచాననుకుంది, చెల్లి మీద పడనిచ్చాననుకుంది. చెల్లి మీద పడ్డ నేరం నిజంగా తను చేసిందేనని, తల్లి నోటితో విన్నాక గాని అర్థం కాలేదు. నేలకి నుదురు ఆన్చి ఏడుస్తుంటే ఎవరూ లేవదీయలేదు.

తొరీబియా డబ్బాలోంచి చెయ్యి తీసి గాల్లోకి చాచింది. “వెర్నా, ఎక్కడున్నావు?”

“ఇక్కడే.”

“ఇటు రా. మొహం ఇలా ఇవ్వు.” పొడి అంటిన వేళ్ళతో చిన్న కూతురి చెంపలు, కళ్ళు, ఖాళీ మెడ తడిమింది. “ఎవరి గిన్నో వేళ్ళకి తెలిసింది. నీ ఏడుపు ఫోనులో విన్నాను, అది నిజమని నాకు తెలియలేదు. నేనూ పాపిష్టిదాన్నే. నన్ను తిట్టు.”

“తిట్టలేనమ్మా,” అని వెర్నా తల్లి మోకాళ్ళ మీద తల పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. పెట్రా పిన్ని ముక్కు చీదుకుంటూ, పొయ్యి వేడి ఎక్కిపోతోందని గొణిగింది, ఎవరికీ వినపడాలని కాదు.

కాసేపటికి తొరీబియా కళ్ళు తుడుచుకుని కాఫీ డబ్బా మూత పెట్టింది. వెర్నా చేతిలో పెట్టింది.

“ఇల్లు నీది. ఎప్పటినుంచో నీదే. ఈ పొడి కూడా నీది. దీంతో ఒక్క గిన్నె అవుతుంది, చిన్నది. నువ్వే చేయాలి.”

“నాకు మట్టి పని రాదుగా.”

“మీ అక్క నేర్పుతుంది. నువ్వు నేర్చుకునే దాకా తను సంతకి వెళ్ళదు. ఏమే, విన్నావా?”

“నేర్పుతాను,” అంది దెల్ఫీనా నేల వైపే చూస్తూ.

“నేర్చుకుంటాను,” అంది వెర్నా. “నా చెయ్యి పట్టుకుని నేర్పొద్దు. నోటితో చెప్పు, చాలు. ఇల్లు నాదైనా నిన్ను పొమ్మనను. అమ్మకి నువ్వు కావాలి. కానీ నిన్ను చూస్తే నాకు మునుపటిలా అనిపించదక్కా. అనిపిస్తుందని ఎదురు చూడకు.”

దెల్ఫీనా తల ఊపింది.

మధ్యాహ్నం కావస్తోంది, పిండి ఇంకా తడవలేదు. రేపు ఊరంతా గడప ఎక్కుతుంది. తొరీబియా టబ్బుని కాలితో పక్కకి తోసి, వెర్నా తెచ్చిన గిన్నె మీద చెయ్యి వేసింది. “దీంట్లో పొయ్యండి.”

“అమ్మా, అది పాడవుతుంది,” అంది వెర్నా గాభరాగా. “లోపలి పూత పోతుంది. నాన్న హారం పెట్టి—”

“పోనీ. పూత పోతేగాని అది ఇంటిది కాదు. పెట్రా, అడుగున ఆ అంకెలు గీకెయ్.”

పెట్రా పిన్ని కత్తి తెచ్చి అంకెలు గీకేసింది. వెర్నా పిండి గుమ్మరించి, ఉప్పు చల్లి, కొవ్వు వేసి, మోచేతుల దాకా చేతులు దింపింది. తొరీబియా ఆమె ఎడమ బొటనవేలు పట్టుకుని అంచు మీద ఒకచోట ఆన్చింది. నున్నటి అంచు, ఇంకా ఏ పల్లమూ లేదు. దెల్ఫీనా గోడకి ఆనుకుని, పిలవకుండా రాలేక, వెళ్ళమనకుండా వెళ్ళలేక నిలబడి ఉంది.

“దెల్ఫీనా,” అంది తల్లి.

“ఆఁ అమ్మా.”

“నీళ్ళు తే. గోరువెచ్చనివి. మరిగేవి కాదు.”

దెల్ఫీనా పొయ్యి మీది కెటిల్ తీసి, చన్నీళ్ళు కలిపి, మణికట్టు మీద పోసుకుని చూసుకుంది. ఇంకొన్ని చన్నీళ్ళు కలిపి మళ్ళీ చూసుకుంది. చెంబు పట్టుకుని గిన్నె దగ్గరికొచ్చింది. వెర్నా తలెత్తలేదు, కానీ నీళ్ళు పోయడానికి వీలుగా చేతులు పక్కకి జరిపింది.